బొట్టు పెట్టిన ఎనిమిది వాల్వులు

మా చిన్నప్పుడు తొండుపల్లిలో మా వాకిట్లో ముగ్గు కంటే ముందు నూనె మరకలే కనిపించేవి... బాపుకు ఒక పాత పికప్ బండి ఉండేది. మా బంతిపూలు, టమాటాలు అందులోనే మార్కెట్‌కు పోయేవి. నెలలో పది రోజులు అది నడిచేది, ఇరవై రోజులు బాపు దాని కింద పడుకునేవాడు!

మెకానిక్ దగ్గరకు పోవడం ఆయనకు నామోషీ. "మన చేతులు పడిపోయినయా?" అనేవాడు. గోనెసంచి పరిచి, పానాలు పక్కన పెట్టుకుని కూర్చునేవాడు. విప్పడం బాగానే వచ్చు... బిగించాక మాత్రం ఒక నట్టు మిగిలేది. అది ఎక్కడిదో కనుక్కోవడానికి మళ్లీ అంతా విప్పేవాడు.

ఒక ఏడు వానాకాలం చివర్లో బండి పూర్తిగా మొరాయించింది. అమ్మ ఓపిక కూడా అప్పుడే అయిపోయింది.

"దీపావళికి పూలు తెంపేనాటికి లేస్తే ఉంచుదాం. లేకుంటే తుక్కుకు ఇచ్చెయ్యాలె" అంది.

బాపు సరేనన్నాడు. ఆయన మాట ఇస్తే ఇచ్చినట్టే. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఆ బండి మా ఇంట్లో మనిషే కదా...

దసరాకు ముందురోజు ఇంజిన్ పైభాగం విప్పి, పుట్టగొడుగుల్లాంటి ఎనిమిది వాల్వులు బయటికి తీశాడు. ఏ వాల్వు ఏ గుంతలోదో మళ్లీ అందులోనే కూర్చోవాలి. ఏళ్ల తరబడి కలిసి అరిగి జత కుదిరినవి అవి. అందుకే వాటిని చాటలో వరసగా పేర్చి, "ఎవ్వలు ముట్టొద్దు బిడ్డా, అమ్మకు జెప్పు" అని నాకు అప్పగించి, ఇంజిన్ మూత కింద పరిచే కొత్త గ్యాస్‌కెట్ కోసం శంషాబాద్ పోయాడు.

నేను ఆటల్లో పడి మరిచిపోయాను.

ఆయుధ పూజకు ఇంట్లో ఉన్న ప్రతి ఇనుప వస్తువునూ కడగడం మా ఆచారం. కొడవళ్లు, పార, గొడ్డలి, కత్తిపీట... అవన్నీ అయ్యాక అమ్మ కన్ను చాట మీద పడింది. నల్లగా మసిపట్టిన వాల్వులను చింతపండు పెట్టి తోమింది. తళతళలాడే దాకా తోమింది! పసుపు రాసి, ఒక్కోదానికి కుంకుమ బొట్టు పెట్టి, పెద్దవి నాలుగు ఒక పక్క, చిన్నవి నాలుగు ఒక పక్క పీట మీద ముద్దుగా పేర్చింది.

బాపు వచ్చి చూసి నిలబడిపోయాడు.

"గిదేం పనే? ఏది ఎక్కడిదో నాకెట్ల ఎరుకైతది ఇగ?"

"పండుగకు కడగకుంటే ఎట్లయ్యా? బండి లేవాలనే మొక్కి బొట్టు పెట్టిన..."

"బండి పోవాలనే నీకున్నది. గందుకే గిట్ల జేసినవ్."

అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ లోపలికి పోయింది. మరునాడు పండుగకు వండిన మాంసం ఎవరమూ సరిగ్గా తినలేదు.

నేను లేచి బాపు పక్కకు పోయి కూర్చున్నాను. "నువ్వు జెప్పమన్నవ్ బాపూ... నేనే అమ్మకు జెప్పలే" అన్నాను. తిడతాడనుకున్నాను. తల గోక్కుని, "ఉత్త పుణ్యానికి దాన్ని అన్న" అన్నాడు.

ఇక దారి ఒక్కటే. ఒక్కో వాల్వు అంచుకు ఇసుకలా గరుకుగా ఉండే ముద్ద రాసి, గుంతలో పెట్టి, రబ్బరు మూతి ఉన్న కర్రను దానికి అతికించి అరచేతుల మధ్య తిప్పాలి. తిప్పగా తిప్పగా రెండూ కొత్తగా జత కుదురుతాయి. తర్వాత కిరోసిన్ పోసి చూడాలి. చుక్క కారిందా, మళ్లీ మొదటికే. బాపు తిప్పిన మొదటి వాల్వు మూడుసార్లు కారింది. ఆయన చేతుల్లో బలం ఎక్కువ, ఓపిక తక్కువ.

అమ్మ గడపలో నిలబడి చూసింది... చూసింది... ఇక ఆగలేక వచ్చి కర్ర లాక్కుంది.

"జర జరుగు. గిట్ల చిలికితే వెన్న వస్తదా?"

రోజూ కవ్వం తిప్పే చేతులు. తొందర లేదు, అదుముడు లేదు. కిరోసిన్ పోసి ముగ్గురం తలలు దగ్గరపెట్టి చూశాం. చుక్క కారలేదు! బాపు రెండో వాల్వు తీసి అమ్మ చేతికిచ్చాడు.

అలా మూడు రోజుల్లో ఎనిమిదీ అయ్యాయి. అన్నీ బిగించి తాళం తిప్పితే... బండి గుర్రుమంది కానీ లేవలేదు. అమ్మ ముఖం వాడిపోయింది. డీజిల్ పైపులో గాలి చేరిందట. బాపు చేత్తో పంపు కొట్టి, బుడగలన్నీ పోయేదాకా చూసి మళ్లీ తిప్పాడు. ఒక దగ్గు దగ్గింది, ఇంకో దగ్గు... లేచింది! ఆసారి ఒక్క నట్టు కూడా మిగలలేదు.

తప్పైందని చెప్పడం బాపుకు రాదు. ముందు సీటు మీద ఎప్పుడూ కుప్పగా ఉండే పానాలన్నీ తీసేసి, భుజం మీది తువ్వాలతో సీటు తుడిచాడు.

"ఇగ ఎన్క గంపల నడుమ వద్దు. ముందల కూసో" అన్నాడు అమ్మతో.

దీపావళి బంతిపూల మధ్య నేనొక్కదాన్నే కూర్చుని, వెనక అద్దంలోంచి వాళ్లిద్దరినీ చూస్తూ మార్కెట్‌కు పోయాను. అంత సంతోషం నాకు మళ్లీ చాలా ఏళ్లదాకా తెలియదు.

ఇప్పుడు బాపు లేడు, ఆ బండీ లేదు. మా బంతిచేను ఉన్నచోట విమానం ఎక్కేవాళ్ల కార్లు ఆగుతున్నాయి. మొన్న నా కారు సర్వీసుకు ఇస్తే అమ్మ కూడా వచ్చింది. మమ్మల్ని ఏసీ గదిలో కూర్చోబెట్టి, కారును అద్దం అవతలికి తీసుకుపోయారు. అమ్మ అద్దం దగ్గరికి పోయి తొంగి చూసింది.

"బిడ్డా, దీనికెన్ని ఉంటయి? మన దానికి ఎనిమిది."

తెలియదన్నాను.

"మరి దసరాకు దేనికి బొట్టు పెడతవ్?"

"బానెట్‌కు" అన్నాను.

వాకిట్లో విప్పుకుని, పోట్లాడుకుని, మళ్లీ కలిసి బిగించుకునే రోజులు ఎప్పుడు పోయాయో తెలియనే లేదు... మీ ఇంట్లో కూడా బిగించాక నట్లు మిగిలేవా? వాటిని ఏ డబ్బాలో దాచేవారో చెప్పండి...