తాండూరు గుర్రం చెప్పిన దారి

తాండూరులో ఒక గుర్రాన్ని నమ్మి నేను ఉద్యోగం పోగొట్టుకున్నాను. మనుషులు చెబుతూనే ఉన్నారు, వినలేదు. ఇలాంటిది ఒప్పుకోవడానికి కాస్త వయసు రావాలి. నాకిప్పుడు కావలసినంత వచ్చింది.

ఆ రోజుల్లో మా నల్లగండ్ల నుంచి ఎవరు ఊరు దాటాలన్నా ముందు మా మేనమామ అరుగు మీద కూర్చోవాలి. (ఇప్పుడు ఆ పక్కనే గచ్చిబౌలి గుట్టల్లో అద్దాల మేడలు కట్టుకుని ప్రపంచానికంతా ఫోన్లలో దారులు చెబుతున్నారట. అప్పుడు ఆ పనికి ఒక అరుగు సరిపోయేది.) ఏ రైలెక్కాలి, ఎక్కడ దిగాలి, ఏ ఊళ్లో ఎవరింట్లో మజ్జిగ పుల్లగా ఉంటుంది, అన్నీ ఆయనకు తెలుసు. నిజానికి ఆయన తాండూరు వెళ్లింది ఒక్కసారే, అదీ పెళ్లివారి వెంట, సగం దారి నిద్రలో. ఆ సంగతీ అందరికీ తెలుసు. కానీ వెళ్లొచ్చినవాడిని వెళ్లనివాడు ప్రశ్నించడం మా ఊళ్లో మర్యాద కాదు.

నా పందొమ్మిదో ఏట తాండూరులో ఒక బండల వ్యాపారి దగ్గర ఉత్తరాలు రాసే పని కుదిరింది. సోమవారం పదింటికల్లా రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటానని సేఠ్ కబురు పంపాడు. అమ్మ అప్పటికే ఊరంతా చెప్పేసింది. నేను కాగితం, పెన్సిలు పట్టుకుని మామ ముందు కూర్చున్నాను.

"టేషన్ల దిగి సీదా పో. గడ్డి దుకాణం ముంగట తెల్ల గుర్రం కట్టేసి ఉంటది. దాని మొహం ఎటుంటే అటు మలుగు," అన్నాడు. తరువాత గొంతు తగ్గించి, "అక్కడోళ్లు ఏం చెప్పినా నమ్మకు అల్లుడా. కొత్తోడని ఆగం చేస్తరు," అన్నాడు. రెండూ రాసుకున్నాను. రెండోదాని కింద గీత కూడా గీశాను.

గుర్రం నిజంగానే ఉంది. మొహం కుడివైపు. పక్కనున్న టాంగా అతను ఎక్కడికని అడిగి, సేఠ్ దుకాణం ఎడమవైపు నాలుగో ఇల్లన్నాడు. అతని మోసం నాకు వెంటనే అర్థమైంది. ఒక చిన్న నవ్వు నవ్వి కుడివైపు నడిచాను. దారిలో ఒక ముసలావిడ, ఒక పోస్టుమాన్ కూడా వెనక్కి పొమ్మన్నారు. ఊరు ఊరంతా ఇంత కట్టుగా అబద్ధమాడడం చూసి, మామ ముందుచూపుకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

దారి చాకిరేవు దగ్గర అయిపోయింది. బండల దుకాణం ఎక్కడని అడిగితే, బట్టలుతుకుతున్న ఆయన చేతిలో పని ఆపలేదు. "బండలైతే ఉన్నయి పటేలా. గివి అమ్మేటియి కావు," అన్నాడు.

పరుగున వెనక్కి వచ్చేసరికి గుర్రం ఎడమవైపు తిరిగి గడ్డి తింటోంది. సేఠ్ దుకాణంలో నా చాప మీద ఇంకెవరో కూర్చుని ఉత్తరం రాస్తున్నారు. ఇంటికొచ్చి చెబితే మామ, తప్పు గుర్రానిదే గాని దారిది కాదన్నాడు.

రెండేళ్లకు తాండూరులోనే ఒక పెళ్లికి మామకు పిలుపొచ్చింది. పెళ్లిల్లు సేఠ్ దుకాణం పక్కనే. ఊళ్లో చివరగా తాండూరు వెళ్లొచ్చినవాడిని నేనే కాబట్టి, ఈసారి ఆయనే మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. గుర్రాన్ని చూడొద్దు, ఎడమవైపు మలుగు, ఐదో ఇల్లు, ఎవరినడిగినా చూపిస్తారు అని. ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆయన నా మొహం చాలాసేపు చూసి ఒక చిన్న నవ్వు నవ్వాడు. ఆ నవ్వు నాకు తెలుసు. టాంగా అతని ముందు నేను నవ్వింది అదే.

మర్నాడు తిరిగొచ్చాక, పెళ్లిభోజనం ఎలా ఉందని అడిగాను. మామ చెప్పులు విడిచి అరుగెక్కాడు.

"చాకిరేవు కాడ నీళ్లు మంచిగున్నయి అల్లుడా," అన్నాడు.