కంచెపెట్టెలో మేము చూడని చోటు

మీ పొలం చుట్టూ కరెంటు కంచె వేయించుకున్నారనుకోండి. దానికి కరెంటు పంపే పెట్టెను తయారు చేసినవాళ్లే అందులో ఒక భాగాన్ని ఎన్నడూ తెరిచి చూడలేదని తెలిస్తే, ఆ కంచె పక్కన మీ బిడ్డను ఆడుకోనిస్తారా?

ఈ ఉదయం మదనపల్లెలోని మా ఆఫీసులో ఎవరో టంకం వేస్తుంటే ఆ ఘాటైన పొగ ముక్కుకు తగిలింది. వెంటనే రెడ్డెమ్మ మేడం గుర్తుకొచ్చారు. సర్క్యూట్ బోర్డుల లేఅవుట్ గీయడం నేను ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ఏ రాగిగీత ఎటు పోవాలో, దేనికీ దేనికీ మధ్య ఎంత ఎడం ఉండాలో కంప్యూటర్ తెర మీద నిర్ణయించే పని అది. పెద్దపంజాణి దగ్గర కూలిపని చేసుకునే ఇంట్లో పుట్టి, ఇంజనీరై, ఈ ఆఫీసు పెట్టారామె. పుంగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. పోయిన సంవత్సరం గుండెజబ్బుతో కన్నుమూశారు.

కుప్పంలో చదివే రోజుల్లో నేను డిబేట్ పోటీల్లో పేరు తెచ్చుకున్నదాన్ని. సందేహాన్ని బయటపెట్టిన క్షణంలోనే వాదన ఓడిపోతుందని నాకు అక్కడ నేర్పారు. మేడం ఆఫీసులో ఆచారం దానికి పూర్తిగా ఎదురు. బోర్డును తయారీకి పంపే ముందు, దాన్ని గీసినవారు అందరి ముందూ లేచి నిలబడి, తాము చూడనిదేమిటో పైకి చెప్పాలి. నా మొదటి బోర్డు గురించి నేను ధాటిగా మాట్లాడి కూర్చోబోయాను.

"సూసిందంతా సెప్తివి, సంతోషం. సూడంది యాడుండాది?" అన్నారామె.

"అలాంటిదేమీ లేదు మేడం."

"అట్లయితే నువ్వింకా సూసేది మొదలుపెట్టలేదమ్మా, డిబేట్ రాణీ."

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. అయినా ఆ రాత్రంతా నేను చూడని చోట్లే కళ్ల ముందు తిరిగాయి.

ఆ తర్వాత వచ్చిన పని రామకుప్పం వైపు రైతులకు ఏనుగుల కంచెపెట్టె. ఏనుగు తాకితే క్షణకాలం పాటు జిల్లుమనిపించి వెనక్కి పంపాలి, ప్రాణం మాత్రం తీయకూడదు. ఇంటి కరెంటును కంచె వైపు రాకుండా విడగొట్టే భాగాన్ని విదేశీ కంపెనీ నుంచి తెప్పించాం. దాని డిజైన్ ఫైలును వాళ్లు ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే తాళం వేసినట్టుగా, పంపారు. మా సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చుకుంటే బయటి గీత, బోర్డుకు అతికే కాళ్లు మాత్రమే కనిపించాయి. లోపలి రాగిగీతల మధ్య ఎడమెంతో చూడడానికి వీల్లేదు. తనిఖీ నడిపితే తెర మీద "తప్పులు: సున్నా" అని వచ్చింది.

"సున్నా అంటే తప్పుల్లేవని కాదమ్మా," అన్నారు మేడం. "ఆ డబ్బాలోకి అది తొంగి సూడనే లేదు. ఆడ ఎడం సాలకపోతే, వాన తేమకు ఇంటి కరెంటు నేరుగా తీగలోకి దూకతాది."

ఆమె ఆ విదేశీ కంపెనీకి ఉత్తరం రాశారు. అది వ్యాపార రహస్యమని బదులొచ్చింది. "వాళ్ల రహస్యం వాళ్లు కాపాడుకోనీ, తప్పేముండాది? దానికి మనం పూచీ పడేదే తప్పు," అంటూ నమూనా పెట్టెలను బెంగళూరు పరీక్షాశాలకు పంపించారు. ఫలితం రావడానికి వారాలు పడుతుందన్నారు.

మొదటి పెట్టె రామకుప్పం దగ్గరి మునెప్ప అనే రైతుకు ఇవ్వాలి. కంచెతీగలు అప్పటికే కట్టించుకొని ఉన్నాడు. నేరుగా ఆఫీసుకే వచ్చాడు. "ఏనుగులు చేని పక్కనే తిరగతాండాయి తల్లీ. రాగిపైరు కోతకొచ్చిండాది. పెట్టె యాల ఆపినారు?"

అతడు వెళ్లాక నేను మేడంతో వాదనకు దిగాను. "ఏనుగులు వస్తాయన్నది ఖాయం. ఆ భాగంలో లోపముందన్నది అనుమానం. అనుమానం కోసం ఖాయమైన నష్టాన్ని ఒక పేదరైతు నెత్తిన పెట్టడం న్యాయమా?"

ఆమె చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టారు.

"న్యాయం కాదేమో. నాకూ బయంగానే ఉండాది. సేను పోతే మునెప్ప వచ్చి నన్ను తిడతాడు. మనిసే పోతే తిట్టేదానికి కూడా రాడు కదమ్మా."

నేను నెగ్గలేదు, ఒప్పుకోనూ లేదు. ఫోను మోగినప్పుడల్లా ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లం. చివరికి కబురొచ్చింది: ఏనుగులు మునెప్ప చేను తొక్కేశాయి. కొద్దిరోజులకు పరీక్షాశాల ఫలితమూ వచ్చింది. ఆ భాగంలో ఏ లోపమూ లేదు.

ఫలితం సంగతి మునెప్పకు తెలియనక్కర్లేదని నాకనిపించింది. మేడం పెట్టె తీసుకొని, నన్ను వెంటబెట్టుకొని కుప్పం బస్సెక్కారు. నలిగి నేలకంటుకున్న రాగిచేనులో నిలబడి, "పెట్టె బాగుండాది మునెప్పా. ముందే ఇచ్చుంటే నీ సేను నిలబడుండునేమో," అన్నారు.

"ఇప్పుడొచ్చి బాగుండాదంటే నాకేం మిగిలె మేడం? ఆపిననాడు తెలుసునా మీకు, బాగుండాదని?"

"తెలీదప్పా. తెలీకనే ఆపినాను."

పక్కనే అతని మనవరాలు కరెంటు లేని కంచెతీగ మీద తడి పావడ ఆరేస్తోంది. మునెప్ప ఆ చేతులకేసి చూశాడు. "బిగించండి," అన్నాడు చివరికి. "నా ఎదురుగానే పరీచ్చ సేసి బిగించండి." క్షమించానని అనలేదు, మంచినీళ్లు తాగమనీ అనలేదు. తిరుగు బస్సులో మేడం కిటికీకి తల ఆనించి, "మళ్లీ ఇట్లాంటిదే వస్తే మళ్లీ ఆపతాను. అదేనమ్మా నా బయం," అన్నారు.

ఆమె నిర్ణయం సరైనదేనా అని ఈనాటికీ నాతో నేను వాదించుకుంటూనే ఉన్నాను. ఈరోజు నా తెర మీద తాళం వేసిన మరో భాగం ఉంది. తొందరపెట్టే ఫోన్లూ ఉన్నాయి. ఇప్పుడు ఆపవలసింది నేను. ఆమె భయాన్ని నేను వదిలించుకోలేదు, వదిలించుకోవాలనీ లేదు. ఎందుకంటే ఆ భయమే నన్ను అందరి ముందూ లేచి నిలబడి, "ఇక్కడ నేను చూడలేదు" అని చెప్పేలా చేస్తోంది.

చదివినవారిని ఒక్కటి కోరుతున్నాను. మీ చేనికో ఇంటికో కరెంటు పెట్టె బిగించడానికి వచ్చినవారు "అన్నీ సరిచూశాం" అంటే, అంతటితో తల ఊపకండి. ఏది చూశారో, ఏది చూడలేదో విడివిడిగా చెప్పమనండి. చూడనిదాన్ని ఎలా పరీక్షించారో అడగండి. జవాబు దొరికేదాకా, పంట కోతకొచ్చి ఉన్నా సరే, తీగ కలపనివ్వకండి.