నడుస్తూ చెప్పిన ఎక్కం

ధర్మవరంలో మా నాలుగో తరగతి టీచరమ్మ నేతగాళ్ల ఇంటి మనిషి. నేను బెంచీ మీద నిమిషం కుదురుగా ఉండేదాన్ని కాదు. ఆమె తిట్టేది కాదు. వేలితో వెనక గోడ చూపించి, "నడువు పాపా" అనేది. నా ఎక్కాలన్నీ ఆ గోడ వెంట తిరుగుతూ వచ్చినవే.

ఒకరోజు హెడ్మాస్టరు మా నాయనను, టీచరమ్మను, నన్ను ఆఫీసుకు పిలిపించి, "ఈ పిల్ల బడికి పనికిరాదు, టీసీ తీసుకోప్పా" అన్నాడు.

టీచరమ్మ ఊరుకోలేదు. "మగ్గం కాడ కూచోలేని పిల్లోల్లకు మేము వీధిలో సాగదీసిన పడుగు దారాల ఎంబడి నడిచే పని ఇస్తాము సార్. ఇంట్లోనుంచి తరిమేయము."

"నడిస్తే చదువొస్తాదా?" అన్నాడు హెడ్మాస్టరు.

ఆమె వేలు ఆఫీసు గోడ వైపు లేచింది. నేను నడుస్తూ పందొమ్మిదో ఎక్కం అందుకున్నాను. సగంలోనే ఆయన టీసీ పుస్తకం మూసేశాడు.

"ఉండండి సార్, మొత్తం వినండి" అంది టీచరమ్మ.