మాచర్ల రైల్లో ఓటు మాట

ఎనభైల్లో, ఎన్నికలైన కొద్దిరోజులకే, సాగర్ కాలువలు చూడవచ్చిన ఒక పశ్చిమాఫ్రికా అధికారికి దుబాసీగా రాజమండ్రి నుంచి వెళ్లాను. మాచర్ల రైల్లో ఎదురుగా కూర్చున్న ముసలమ్మ ఆయన్ని చూసి, "మీ దేశంలో ఓట్లున్నయ్యా నాయనా?" అనడిగింది. నేను ఇంగ్లీషులో చెప్పాను.

"ఫ్రెంచివాళ్లు మమ్మల్ని ఏలేటప్పుడు వాళ్ల పార్లమెంటుకు ఎన్నికలు పెట్టారు. గుప్పెడు తెల్లవాళ్లకు ఒక సభ్యుడు, మాకందరికీ కలిపి ఒకడు. సైన్యంలో పనిచేశాడని మా నాన్నకు ఓటిచ్చారు, అమ్మకివ్వలేదు. నాన్న ఓటేసి ఇంటికొచ్చేసరికి అమ్మ ఏడుస్తోంది" అన్నాడాయన.

అది నేను తెలుగులో చెప్పగానే ముసలమ్మ అంది:

"నాకు ఓటుంది నాయనా. మొన్న నేనూ మా ఆయనా కలిసే పోయాం. బూతుకాడ నాటుబాంబులేశారు. నేనొక్కదాన్నే తిరిగొచ్చా. వాళ్లమ్మ చానా అదృష్టవంతురాలని చెప్పు. ఎంత ఏడ్చినా, మొగుడు ఇంటికొచ్చాడుగా."

చెప్పాను. ఆయన తలొంచుకున్నాడు.