మా ఆల్బమ్‌ను చివరిదాకా విన్న మనిషి

ఇరవై ఏళ్ళ వయసులో నాకున్నంత నమ్మకం ఇప్పుడు మా వీధి మొత్తం కలిపినా దొరకదు. ఆ రోజుల్లో నేనూ, పుత్తూరు నుంచి బస్సులో వచ్చే నా స్నేహితుడూ (వాడి గొంతును బట్టి గరగర అని పిలిచేవాళ్ళం) నగరిలోని మా ఇంట్లోనే ఒక ఆల్బమ్ చేశాం. బ్లాక్ మెటల్‌నూ ఎలక్ట్రానిక్ సంగీతాన్నీ కలిపి వండిన వంటకం అది. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: గిటారు జోరీగలా రొద పెడుతూనే ఉంటుంది, పాడేవాడు (మా ఆల్బమ్‌లో గరగర) అరుస్తూనే ఉంటాడు, కింద కంప్యూటర్లో చేసిన దరువు ఊపిరి తీసుకోకుండా పరుగెత్తుతుంది. ఆ దరువు మేం డ్రమ్ముల నుంచి తీసుకోలేదు. నాయన మరమగ్గాలు నాలుగూ ఆపి భోజనానికి వెళ్ళినప్పుడు, మూలనున్న ఒక్కదాన్ని నడిపి, ఆ శబ్దాన్ని ఫోన్లో పట్టుకున్నాం. ఒక దెబ్బ సరిగ్గా, మరుదెబ్బ రవ్వంత ఆలస్యంగా, కుంటుతూ పడేది. "ఇట్లాంటి తాళం యాడా లేదురా" అన్నాడు గరగర. నేనూ ఒప్పుకున్నాను. ప్రపంచంలో యాడ ఏముందో మాకు తెలియనిదా.

అట్ట మీది బొమ్మ కోసం, బ్లాక్ మెటల్ వాళ్ళ పద్ధతిలో ముఖాలకు తెల్లగా పౌడరు పూసుకుని, కళ్ళ చుట్టూ అమ్మ కాటుక దట్టించి మిద్దె మీద నిలబడ్డాం. పక్కింటి అత్త బట్టలు ఆరేస్తూ చూసి, "గంగ జాతర ఇంకా రాలేదు గదప్పా, అప్పుడే వేసం కట్టేసినారే" అంది. మేం పట్టించుకోలేదు. ఆల్బమ్‌ను ఇంటర్నెట్లో పెట్టి, ప్రపంచం మా గుమ్మానికి వస్తుందని కూర్చున్నాం. నెల రోజుల్లో పదకొండుసార్లు విన్నట్టు చూపించింది. అందులో తొమ్మిది మావే (ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ వాడుకున్నాం). మిగతా ఇద్దరూ మొదటి పాట సగంలోనే పారిపోయారు. నాకు పేరు అక్కర్లేకపోయింది. మొదటి నుంచి చివరిదాకా ఒక్క మనిషి వింటే చాలనిపించింది. అన్నం కూడా సరిగ్గా తినబుద్ధి కాలేదు.

అది చూడలేక అమ్మ నాయనతో చెప్పింది. "వాడు మొగం వేలాడేసుకోని తిరగతా ఉండాడు. ఆ పాటలేందో నువ్వన్నా ఒకసారి ఇను."

మధ్యాహ్నం మగ్గాలు ఆపి, నూలు మూట మీద కూర్చుని, నాయన నా హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. నలభై నిమిషాలు కదలలేదు. గరగరా నేనూ గోడకు ఆనుకుని నిలబడ్డాం. నా గుండె మా దరువుకంటే వేగంగా కొట్టుకుంటోంది. చివరి అరుపు అయిపోయాక ఆయన హెడ్‌ఫోన్లు తీసి, "ఇందులో మోగేది ఆ మూల మగ్గమే గదరా?" అన్నాడు.

"అవును నాయనా."

"నాడె ఒకపక్క నుంచి ఆలస్యంగా పోతా ఉండాది. రెండు నెలలుగా అంచులో పోగు వదులొస్తా ఉంటే, తప్పు యాడుందో దొరకలేదు నాకు. నాలుగూ కలిసి మోగితే యాడ తెలస్తాది." లేచి నేరుగా మగ్గం దగ్గరికి వెళ్ళాడు. నాడెను (అడ్డపోగును ఈ పక్క నుంచి ఆ పక్కకు మోసుకెళ్ళేది అదే) తోసే తోలు పట్టీ సాగిపోయింది. దాన్ని మార్చి, స్పానర్‌తో బిగించి నడిపాడు. దెబ్బలన్నీ సమంగా, బుద్ధిగా పడ్డాయి.

గరగర ముఖం పాలిపోయింది. "రెండో ఆల్బమ్‌కి ఏం చేసేదిరా? మన తాళాన్ని రిపేరు చేసేసినాడు మీ నాయన."

నేను మాత్రం ఆశ చావక, "పాటలు ఎట్లుండాయి నాయనా?" అని అడిగాను.

ఆయన గరగర వైపు జాలిగా చూశాడు. "ఆ పిల్లోడికి మిరియాల పాలు ఇమ్మని మీ అమ్మకు చెప్పు" అన్నాడు.

రెండో ఆల్బమ్ రాలేదు. ఇప్పుడు నేను సూళ్లూరుపేట దగ్గర ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాను. గరగర పిల్లలకు గిటారు నేర్పుతున్నాడు. మొన్న ఆల్బమ్ మళ్ళీ విన్నాను. గర్వంగానే చెబుతున్నాను, బాగుంది. కానీ ఎంత రొదలోనైనా నా చెవికి ఆ కుంటి దెబ్బే వినబడుతోంది. అంత గోలలో దాన్ని పట్టుకోవాలంటే ఆయన ప్రతి పాటనూ ఎంత శ్రద్ధగా విని ఉండాలో ఇప్పుడు అర్థమవుతోంది. ఆ రోజు నాకు అది తోచలేదు. నా పాటలు ఎవరూ వినడం లేదని అలిగి, గరగరతో పాటు పుత్తూరు బస్సెక్కి వెళ్ళిపోయాను.