గుడ్డు లేని నక్షత్రాలు

మా వీధిలో స్వర్ణక్క చెయ్యి పడని ఒళ్ళు లేదు. ఆమదాలవలసలోనే ఒక ఆస్పత్రిలో ఇరవై ఆరేళ్ళుగా నర్సు. ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి కాలు తెగినా, ముందు తట్టేది మా ఎదురింటి తలుపే. మా అత్తగారు లక్ష్మీనరసమ్మగారికి తుంటి ఆపరేషన్ అయినప్పుడు నలభై రోజులు ఆవిడే వచ్చి కట్టు మార్చింది. పనిలో పనిగా తల దువ్వి జడ కూడా వేసేది. నేను చేస్తానంటే అత్తగారు ఒప్పుకోలేదు. "నీది మొరటు సెయ్యి. స్వర్ణదయితే దూది" అన్నారు.

అంత పనిలోనూ ఆవిడకి ఒక సరదా ఉంది. డిసెంబరు వచ్చిందంటే బిస్కట్లు చేస్తుంది. అరిసెలూ కజ్జికాయలూ వాళ్ళ చర్చిలో అందరూ చేస్తారు. బిస్కట్లు మాత్రం ఆవిడవే. మొదట్లో ఓవెన్ లేదు. కుక్కరు అడుగున ఉప్పు పోసి, విజిలూ గాస్కెట్టూ తీసేసి, లోపల పళ్ళెం పెట్టి కాల్చేది. మొదటి విడత చూసి వాళ్ళాయన డేవిడ్‌రాజుగారు (రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు) "వీటిని గూడ్సుబండి చక్రాల కింద అడ్డం పెట్టుకోవచ్చే" అన్నారట. ఆ పంతంతో ఓవెన్ కొంది. వైజాగు నుంచి నక్షత్రం, గంట, చెట్టు అచ్చులు తెప్పించింది. వెన్న ఎంత, మంట ఎంత, ఎన్ని నిమిషాలు, అన్నీ నోటుబుక్కులో రాసుకునేది. పేషెంటు చార్టులాగే ఉండేది ఆ పుస్తకం.

క్రిస్మస్ ముందురోజు మధ్యాహ్నం తొమ్మిది ఇళ్ళకి తొమ్మిది స్టీలు డబ్బాలు వెళ్ళేవి. మేమా, మర్యాద తెలిసినవాళ్ళం. డబ్బా ఖాళీగా తిరిగివ్వం. అరటిపళ్ళో బెల్లమో పెట్టి, "బాగున్నాయమ్మా" అని ఒక మాట కలిపి ఇస్తాం.

ఇంతకీ ఆ బిస్కట్లు ఏమయ్యేవంటే, డబ్బా ఇచ్చినవాళ్ళు గుమ్మం దిగగానే మా అత్తగారు పనిమనిషి అసిరమ్మని కేకేసేవారు. అసిరమ్మ మొత్తం కొంగులో పోయించుకుని పట్టుకెళ్ళేది. నేను కాదనలేదు. అప్పటికే నేను కొత్తకోడలిని కాదు, జూనియర్ కాలేజీలో లెక్చరర్ని. రోజూ నూటయాభై మంది నా గొంతుకి భయపడతారు. అయినా ఇంట్లో ఆ ఒక్కమాట అనలేదు. చిన్నదానికి గొడవెందుకులే అనుకున్నాను. అలా అనుకుంటూ ఎనిమిది క్రిస్మస్‌లు గడిపాను.

ముందటేడు దొరికిపోయాను. పండగ మర్నాడు స్వర్ణక్క నోటుబుక్కూ పెన్నూ పట్టుకుని గేటు దగ్గర నిలబెట్టింది.

"సుహాసినీ, మొహమాటం లేకుండా సెప్పు. ఈసారి ఏవి బాగా కుదిరాయి?"

"కొబ్బరివక్కా. అద్భుతం."

పెన్ను ఆగిపోయింది. "కొబ్బరి ఎయ్యలేదు కదే."

పరీక్షలో పక్కవాడి పేపరు చూసి దొరికిపోయిన పిల్లలు ఎలా నీళ్ళు నముల్తారో నాకు బాగా తెలుసు. అచ్చం అలాగే నమిలాను. చివరికి నోటికొచ్చింది అనేశాను. "అదికాదక్కా, మార్గశిరం కదా. అత్తగారు లక్ష్మివారం పూజలు చేస్తారు. గుడ్డు ఉంటుందని ముట్టుకోరు."

ఆవిడ మొహం వెలిగిపోయింది. "ఇంతేనా! ముందే సెప్పొద్దేటి? నాదే బుద్ధితక్కువ. పూజలు చేసుకునే ఇంటికి గుడ్డు పంపిస్తానా!" అని నాకే క్షమాపణ చెప్పింది.

మా ఇంట్లో పుట్టినరోజుకి బేకరీ కేకు వస్తే అత్తగారు రెండు ముక్కలు తింటారు. ఏ నెలైనా సరే. అందులో గుడ్డు ఉంటుందని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. తెలియనిది స్వర్ణక్కకే.

ఇక ఏడాదంతా గుడ్డు లేకుండా ప్రయత్నాలు. పెరుగు వేస్తే సాగాయి. అరటిపండు వేస్తే మెత్తబడ్డాయి. అవిసెగింజల పొడి వేస్తే డేవిడ్‌రాజుగారు రెండోది ముట్టుకోలేదట. డ్యూటీ నుంచి వస్తూ ప్రతిదీ నాకు గేటు దగ్గర నిలబడి చెప్పేది. వింటూ తలాడించేదాన్ని. ఒకసారి మాత్రం ధైర్యం చేసి, "ఎందుకక్కా ఇంత కష్టం" అన్నాను.

"కష్టమేటే! పెద్దమ్మగారు నా చేతి బిస్కట్టు ఒక్కటి నోట్లో ఏసుకుంటే సాలు నాకు" అంది.

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. కూర మాడుతోందని లోపలికి వచ్చేశాను. పొయ్యి మీద కూర లేదు.

నిరుడు క్రిస్మస్ ముందురోజు డబ్బా పట్టుకుని తనే వచ్చింది. మూత మీద ఆస్పత్రిలో కట్టుకి అంటించే తెల్ల ప్లాస్టరు ముక్క అతికించి, దాని మీద పెన్నుతో 'గుడ్డు లేదు' అని రాసింది.

"గుడ్డు తగిలిన గిన్నె కూడా కాదు పెద్దమ్మగారూ. మీకోసం కొత్త గిన్నె, కొత్త ట్రే కొన్నాను."

"అలాగేనమ్మా, అక్కడ పెట్టు. పూజయ్యాక తింటాను" అన్నారు అత్తగారు, ఎంతో ఆప్యాయంగా. ఆ పళంగానే చెయ్యి చాపి బీపీ కూడా చూపించుకున్నారు. స్వర్ణక్క నవ్వుకుంటూ వెళ్ళింది. బీపీ మిషను మర్చిపోయింది.

రెండు నిమిషాలకే దానికోసం వెనక్కి వచ్చేసరికి, అసిరమ్మ కొంగు పట్టుకుని నిలబడి ఉంది. అత్తగారు చేతికి తగలకుండా డబ్బా వంచుతున్నారు. నక్షత్రాలు జారుతున్నాయి.

"గుడ్డు లేదు పెద్దమ్మగారూ" అంది స్వర్ణక్క గుమ్మంలోంచి. మందు ఎలా వేసుకోవాలో పేషెంటుకి రెండోసారి చెప్పినట్టు, నెమ్మదిగా.

"సెప్పేవు కదమ్మా" అన్నారు అత్తగారు. వంచడం ఆపలేదు.

ఆ మాటతో స్వర్ణక్కకి మొత్తం అర్థమైపోయింది. అసిరమ్మకే ఏమీ పట్టలేదు. ఒకటి నోట్లో వేసుకుని, "పోయినేడాదివే బాగున్నాయి సిస్టరమ్మా. ఇవి సూడు, పొడుం పొడుం అయిపోతన్నాయి. అల్లం ఏసి ఓయేడు చేసేవు సూడూ, అయ్యయితే మా ఇంట్లో కొట్టేసుకున్నారు" అంది.

ఎనిమిదేళ్ళుగా స్వర్ణక్క ఈ వీధిని అడుగుతున్న ప్రశ్నకి అదే మొదటి నిజమైన జవాబు.

"నీకొచ్చేవి ఈ ఇంటివేనా అసిరమ్మా?"

"అన్నిళ్ళవీనమ్మా! నీకు తెలీదేటి?"

స్వర్ణక్క బీపీ మిషను తీసుకుంది. ట్యూబు మడతపడకుండా చుట్టి పెట్టె మూసింది. వెళ్తూ నావైపు చూసింది. నేను గోడ మీద క్యాలెండరు చూశాను. డిసెంబరు ఇరవై నాలుగు. మార్గశిరమే. లక్ష్మివారం కూడా కాదు, మంగళవారం.

ఆవిడ మా ఇంటికి రావడం మానేస్తుందనుకున్నాను. మానలేదు. పండగ వెళ్ళిన మూడోరోజే వచ్చి బీపీ చూసింది. ఇప్పటికీ వారానికోసారి వస్తుంది. "నూటనలభై. ఉప్పు తగ్గించండి" అంటుంది. అంతకుమించి ఒక్క మాట ఉండదు. గేటు దగ్గర ఆగదు.

ఈ డిసెంబరులో మళ్ళీ వెన్న కాలిన వాసన వీధంతా కమ్మేసింది. డబ్బాలు మాత్రం ఏ ఇంటికీ రాలేదు.

"ఈయేడు స్వర్ణ డబ్బా పంపలేదేటే? గీర ఎక్కువైపోనాది మనిషికి" అన్నారు అత్తగారు.

పండగ మర్నాడు పెరట్లో అంట్లు తోముతున్న అసిరమ్మ పక్కన ఆ స్టీలు డబ్బా కనిపించింది. దగ్గరికి వెళ్ళి, గొంతు తగ్గించి అడిగాను. "ఎలా ఉన్నాయే?"

"గుడ్డు ఏసీసిందమ్మా ఈసారి. బెమ్మాండం!" అంటూ తడిచెయ్యి చీరకి తుడుచుకుని మూత తీసింది. "ఒకటి తింటారేటి?"

చెయ్యి చాపబోయి, వెనక్కి తిరిగి అత్తగారు ఎక్కడున్నారో చూశాను.

నేను మళ్ళీ ఇటు తిరిగేసరికి అసిరమ్మ మూత పెట్టేసి, గిన్నెలు తోముకుంటోంది.