ఫిలోమినా అక్క వెంట ఇంకో గుడికి

ఆదివారం పొద్దున అమీర్‌పేట మెట్రో మెట్లు దిగుతుంటే ఎదుటి భవనం మూడో అంతస్తు నుంచి డోలక్ మోత, చప్పట్లు వినిపించాయి. కింద కోచింగ్ సెంటర్ల బోర్డులు, పైన ఆరాధన. నా నడక దానంతటదే నెమ్మదించింది. అలాంటి హాలులోకి నన్ను మొదటిసారి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది ఫిలోమినా అక్క.

పంజాగుట్టలో నేను నర్సుగా చేరిన ఆసుపత్రిలో ఆవిడ మా వార్డు ఇన్‌ఛార్జి. జనగామ వైపు మనిషి, నాలాగే కథోలికురాలు. వార్డు ఆ చివర మాట్లాడితే ఈ చివర రోగులు లేచి కూర్చునేంత గొంతు. హాస్టల్లో నా గదిలో ఉండే సునీతది పెంతెకోస్తు సంఘం. వాళ్లమ్మకు గుండె ఆపరేషన్ మా వార్డులోనే అయింది. ఆమె కోలుకున్నాక సునీత దేవుడు చేసిన మేలు గురించి సంఘంలో అందరి ముందు సాక్ష్యం చెప్పాలనుకుంది, నన్ను పక్కన నిలబడమంది. నేను నీళ్లు నమిలాను. వేరే సంఘాల గడప తొక్కవద్దని చెప్పి మరీ మా నాన్న నన్ను పట్నం పంపించారు.

"మా అమ్మ పక్కన అన్ని దినాలు కూసున్నవు. దేవునికి థాంక్స్ చెప్పేటప్పుడు మాత్రం రావా?" అంటూ సునీత కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు.

మర్నాడు మందుల ట్రాలీ దగ్గర నా మొహం చూసి అక్క సంగతి రాబట్టింది. విని పకపకా నవ్వింది.

"గింత దానికి ఫికరెందుకు బిడ్డా? ఆదివారం పొద్దున మన గుడిల పూజకు పోదాం, అది మాత్రం ఇడువద్దు. అయినంక ఆడికి పోదాం. నేను సుత వస్త."

"వాళ్లు ప్రభువు బల్ల అని రొట్టె, ద్రాక్షరసం ఇస్తే?"

"మనం తీసుకోం, అది మన గుడిల పూజలనే. దండం పెట్టి కూసుంటం. పాటకేం అడ్డం? గొంతెత్తి పాడుదాం."

ఆ ఆదివారం సునీత వాళ్ల హాలులో అక్క పాడింది కూడా. చప్పట్లు మాత్రం ఒక్కసారీ తాళానికి కుదరలేదు. ప్రార్థన ముగియగానే, వాళ్ల సంఘంలో లేని సిలువ గుర్తు అలవాటు కొద్దీ వేసుకుంది. ముందు వరుస పిల్లలు వింతగా చూసి, తామూ నుదురూ భుజాలూ తట్టుకోవడం మొదలుపెట్టారు. తల్లులు గబగబా వాళ్ల చేతులు పట్టుకున్నారు. నాకు ప్రాణం పోయినంత పనైంది. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

సునీత వాళ్లమ్మను పట్టుకుని ముందుకు వెళ్లింది కానీ నోట మాట పెగల్లేదు. నేను లేచి వెళ్లి ఆమె చెయ్యి పట్టుకున్నాను. అప్పుడు మాట వచ్చింది.

రొట్టె పళ్లెం మా వరుసకు వచ్చినప్పుడు అక్క తల వంచి, పక్కవారికి దారి ఇచ్చింది. ఆరాధన అయ్యాక పాస్టరుగారు వచ్చారు. "ఏంటమ్మా, మా రొట్టె మీకు పనికిరాదా?" అన్నారు, కాస్త నొచ్చుకునే.

"అట్లనకుండ్రి అయ్యగారూ. మన రెండు సంఘాలు కలవాల్సింది ఇంకా ఉన్నది. కలిసిననాడు ఒక్క పళ్లెంల తీసుకుందాం. అందాక తీసుకున్నోళ్లందరి కోసం తల వంచి ప్రార్థన చేసిన."

ఆయన కుర్చీ లాక్కుని మా పక్కన కూర్చున్నారు. "అయితే భోజనానికైనా ఉంటారా?" అన్నారు.

"అది మాత్రం రెండుసార్లు తింట!"

హాలంతా నవ్వింది. మా నాన్నకు ఫోన్లో నేనే చెప్పాను. అంతా విని, "పూజ ఇడువలేదు గదా?" అని మాత్రం అడిగారు.

కొన్నేళ్లకు అక్క రిటైరై ఊరు వెళ్లిపోయింది. నేను పెళ్లి చేసుకున్నాయన కుటుంబానిది మరో సంఘం. ప్రతి ఆదివారం నా పూజ ముగించుకుని వాళ్ల గుడికీ వెళతాను. రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి అందరూ లేచి వెళితే బెంచీ మీద నేనొక్కదాన్నే మిగులుతాను. ఆ కాసేపూ మనసు చివుక్కుమంటుంది, దాచుకోను. తల వంచి, వెళ్లిన ఒక్కొక్కరినీ పేరుపేరునా తలుచుకుంటాను. ఇంతలో మా అత్తమ్మ తిరిగొచ్చి, "జర జరుగు బిడ్డా" అంటూ నన్ను ఆనుకుని కూర్చుంటుంది. పాటల పుస్తకం ఇద్దరి మధ్యా తెరుస్తుంది. ఆవిడకు కళ్లజోడు లేకపోతే అక్షరాలు ఆనవు. నేను గొంతెత్తి మొదలుపెడతాను.